ప్లాస్టిక్ పైపులు వచ్చాయి, ఇంటి ఎర్త్ ఎటు పోయింది?

"ఏమిటోరా, పొద్దున వంటింటి కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంది" అంటుంది పెద్దావిడ. "తడి చేత్తో స్విచ్చి ముట్టుకుని ఉంటావమ్మా" అంటాడు కొడుకు. "స్విచ్చి కాదురా, కుళాయే" అని ఆవిడ మళ్ళీ చెబుతుంది. కొడుకు వచ్చి కుళాయి పట్టుకు చూస్తాడు. కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి అతనికి ఏమీ తెలియదు. "నీ చేతికి తిమ్మిరేమోలే" అనడంతో ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

మైలాపూరులో ఎన్నాళ్ళుగానో ఉంటున్న మన ఇళ్ళలో ఇలాంటి మాట ఎప్పుడో ఒకసారి వినే ఉంటాం. ఆవిడ చెప్పింది నిజమే అయి ఉండవచ్చు. ఇంటికి కొత్త పైపులు వేయించిన ఏడాదో రెండేళ్ళకో ఈ చురుకు మొదలైతే మరీ అనుమానించాలి. పైపులు మార్చిన రోజున ఆ ఇంటి ఎర్త్ ఎవరికీ తెలియకుండా తెగిపోయి ఉండవచ్చు. గోడకు మూడు కన్నాల సాకెట్టు అలాగే ఉంటుంది, దాని వెనుక పచ్చ తీగ కూడా ఉంటుంది. ఆ తీగ వెళ్ళి కలిసే చోటు మాత్రం ఉండదు.

ఇది ఎలా జరుగుతుంది, మన ఇంట్లో జరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి, జరిగి ఉంటే ఏం చేయించాలి అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

పాత ఇళ్ళలో ఎర్త్ ఎక్కడుండేది?

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్, 1952లో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేసిన బులుసు సాంబమూర్తి గారి ఇల్లు ఉన్న పేట మనది. మాడ వీధులు, చిత్రకుళం, లజ్, కచేరి రోడ్డు, మందవెల్లి వైపు ఆ తరం ఇళ్ళు కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటిలో మొదటిసారి కరెంటు పెట్టించినప్పుడు చెక్క పట్టీల మీద తీగలు లాగారు. దీపాలకూ ఫ్యాన్లకూ రెండు తీగలే వేశారు. ఇస్త్రీ పెట్టె కోసమో హీటరు కోసమో ఒకటో రెండో పెద్ద ప్లగ్గులుంటే వాటికి మాత్రం మూడో తీగ ఇచ్చారు.

ఆ మూడో తీగను ఎక్కడ కలపాలన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న కాదు. పెరట్లోకి వచ్చే నీళ్ళ పైపుకు ఒక క్లిప్పు బిగించి దానికి చుట్టేవారు. పైపు జీఐది, అంటే జింకు పూత పూసిన ఇనుము. అది వీధిలోని పోత ఇనుప గొట్టానికి కలిసేది. ఆ గొట్టం భూమిలో మైళ్ళకొద్దీ పాతిపెట్టి ఉండేది. అంత ఇనుము తడి మట్టిని తాకుతూ ఉంటే కరెంటు భూమిలోకి దిగిపోవడానికి అంతకన్నా మంచి దారి ఏముంటుంది? ఖర్చు లేదు, గొయ్యి తవ్వే పని లేదు. ఆ రోజుల్లో అది పనిచేసింది కూడా.

తరువాత పాత ఇళ్ళు పోర్షన్లుగా చీలాయి. కొన్నిటిని పడగొట్టి మూడంతస్తుల, నాలుగంతస్తుల ఫ్లాట్లు కట్టారు. అయినా కొందరు ఆ పాత అలవాటును వదలలేదు. గీజరు పెట్టిన చోట పక్కనే పైపు కనిపిస్తుంటే మెయిన్ బోర్డు దాకా తీగ లాగే ఓపిక ఎవరికుంటుంది?

అసలు ఎర్త్ చేసే పని ఏమిటి?

కరెంటు ఫేజ్ తీగలో వస్తుంది, న్యూట్రల్ తీగలో తిరిగిపోతుంది. మూడోదైన ఎర్త్ తీగలో మామూలు రోజుల్లో కరెంటు పారదు. ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషీన్, గ్రైండరు, నీళ్ళ మోటారు వంటి ఇనుప వస్తువుల పై రేకుకు ఆ తీగ తగిలించి ఉంటుంది. ప్లగ్గులో పైనుండే పిన్ను మిగతా రెండిటికన్నా లావుగా, పొడుగ్గా ఉండటం గమనించే ఉంటారు. ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికన్నా ముందు ఎర్త్ తగలాలి, తీసేటప్పుడు అందరికన్నా చివర వదలాలి. అందుకే ఆ ఏర్పాటు.

గీజరు లోపల ఫేజ్ తీగ పై తొడుగు ఊడి ఇనుప రేకుకు తగిలిందనుకోండి. ఎర్త్ బాగుండి, దారి మొత్తానికి రెండు ఓంల నిరోధం ఉంటే, 230 వోల్టులకు 115 ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా భూమిలోకి దూకుతుంది. 15 ఆంపియర్ల ఫ్యూజు దానికి తట్టుకోలేక టప్పున కాలిపోతుంది. సరఫరా ఆగిపోతుంది. ఎవరూ ముట్టుకోకముందే ప్రమాదం తప్పుతుంది.

ఎర్త్ లేకపోతే ఫ్యూజు కాలదు. గీజరు రేకు 230 వోల్టులతో అలాగే కాచుకుని ఉంటుంది. తడి ఒంటితో, తడి నేల మీద నిలబడి దాన్ని ముట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు. తడిలో మన ఒంటి నిరోధం సుమారు 1,000 ఓంలనుకుంటే పారే కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు. పాత 60 వాట్ల బల్బు వాడుకునే కరెంటుకన్నా అది తక్కువే. ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు. మనిషికి మాత్రం అది ప్రాణం తీసే మొత్తం. ఒక మిల్లీ ఆంపియరు దగ్గర చురుకు తెలుస్తుంది. పది దాటితే కండరాలు బిగుసుకుని, పట్టుకున్నది వదలలేకపోవచ్చు. ముప్ఫై దాటి కాసేపు పారితే ఊపిరి ఆగవచ్చు, గుండె లయ తప్పవచ్చు.

ఫ్యూజు గానీ ఎంసీబీ గానీ ఉన్నది తీగలు వేడెక్కి కాలిపోకుండా కాపాడటానికి. మనిషిని కాపాడటం వాటి పని కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది.

పైపు మారిన రోజున

జీఐ పైపులకు మన ఊళ్ళో ఆయుష్షు తక్కువ. సముద్రపు గాలి, బోరు నీటిలోని ఉప్పు రెండూ వాటిని తినేస్తాయి. లోపల సున్నంలా పేరుకుని ధార సన్నబడుతుంది, పొద్దున్నే మొదటి చెంబు నీళ్ళు ఎర్రగా వస్తాయి. అందుకే అందరూ ప్లాస్టిక్‌కు మారారు. చన్నీళ్ళకు యూపీవీసీ, వేడి నీళ్ళకు సీపీవీసీ. ఇవి తుప్పు పట్టవు, నీటి రుచి చెడదు, ధర తక్కువ, పని త్వరగా అవుతుంది. ఐఎస్ఐ గుర్తున్న పైపు వేయించడంలో తప్పేమీ లేదు. ప్లాస్టిక్ మంచిదే. కాకపోతే అది కరెంటును మోయదు. ఆ విషయం పైపు మార్చే ప్లంబరుకు అక్కర్లేదు. పైపుకు చుట్టిన తీగ సంగతి ఇంటివారికి గుర్తుండదు.

"పైపు ప్లాస్టిక్‌దైనా లోపల నీళ్ళున్నాయి కదా, నీళ్ళు కరెంటును మోస్తాయి కదా" అని కొందరంటారు. లెక్క వేసి చూద్దాం. బాగా ఉప్పగా ఉన్న బోరు నీటినే తీసుకున్నా, అర అంగుళం పైపులో ఒక మీటరు పొడవున నిలిచిన నీటికి సుమారు 50,000 ఓంల నిరోధం ఉంటుంది. 230 వోల్టులు పెడితే పారేది నాలుగైదు మిల్లీ ఆంపియర్లు. అంత కొద్ది కరెంటుకు ఏ ఫ్యూజూ కాలదు, కాబట్టి ఎర్త్‌గా ఆ నీళ్ళు ఎందుకూ పనికిరావు. చేతికి చురుక్కుమనడానికి మాత్రం ఆ నాలుగైదు చాలు. పెద్దావిడకు కుళాయి దగ్గర తెలిసింది ఇదే అయి ఉండవచ్చు. గీజరులో హీటింగ్ ఎలిమెంటు పగిలి కరెంటు నీళ్ళలోకి దిగుతోంది, ఎర్త్ లేక అది ఆగడం లేదు.

చురుకు చిన్నదే కదా అని వదిలేయకూడదు. అది పైపు ప్లాస్టిక్ కావడం వల్ల చిన్నదిగా ఉంది. ఆ సమయంలో గీజరు రేకునే ముట్టుకుంటే అది చిన్నది కాదు.

అన్నిటికన్నా ప్రమాదమైనది సగం మార్చిన పైపు. కింద సంపు నుంచి వచ్చే భాగం తుప్పు పట్టిందని అక్కడ ప్లాస్టిక్ వేస్తారు. గోడలో పూడ్చిన భాగాన్ని పగలగొట్టడం ఎందుకని ఇనుము అలాగే వదిలేస్తారు. ఇప్పుడు పై అంతస్తుల ఇనుప పైపు భూమితో సంబంధం లేకుండా గోడలో వేలాడుతుంటుంది. దానికి రెండో అంతస్తు వాళ్ళ గీజరు ఎర్త్ తీగ చుట్టి ఉంది. ఆ గీజరు చెడితే పైపంతా 230 వోల్టులు ఎక్కుతుంది. ఫ్యూజు కాలదు. మూడో అంతస్తులో స్నానానికి దిగినవారు తమ కుళాయి ముట్టుకుంటారు. వాళ్ళ గీజరు కొత్తది, వాళ్ళ వైరింగ్ కొత్తది, వాళ్ళు ఏ తప్పూ చేయలేదు. పైపు మార్చింది కింది అంతస్తువారు, గీజరు రెండో అంతస్తువారిది, దెబ్బ మూడో అంతస్తువారికి.

మన ఇళ్ళలో ఇంకో సంగతి కూడా ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వస్తాం. వంటింట్లో, స్నానాల గదిలో, గిన్నెలు కడిగే చోట వట్టి కాళ్ళతో తడి నేల మీద ఉంటాం. అందరికన్నా ఎక్కువసేపు అలా ఉండేది ఇంటి ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు, ఇంటి పనికి వచ్చే మనిషి. చురుకు ముందుగా తెలిసేది వాళ్ళకే. వాళ్ళ మాటనే మనం తిమ్మిరి అని కొట్టిపారేస్తాం.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

ఈ చిక్కు మన ఊరిది మాత్రమే కాదు. బ్రిటన్‌లో కూడా ఒకప్పుడు నీళ్ళ పైపే ఎర్త్. వీధి గొట్టాలు ప్లాస్టిక్‌కు మారుతుంటే ప్రమాదం గ్రహించి, 1966లో వచ్చిన వైరింగ్ నియమాల్లో నీళ్ళ పైపును ఏకైక ఎర్త్‌గా వాడటాన్ని కుదరదన్నారు. అమెరికాలో 1978 నుంచి, ఇనుప నీళ్ళ పైపు ఉన్నా దానికి తోడు మరో ఎర్త్ ఉండి తీరాలన్నారు.

మన దేశంలో ఎర్తింగ్‌కు ఉన్న ప్రమాణం ఐఎస్ 3043. ఇది 1966లో మొదట వచ్చింది, 1987లోనూ 2018లోనూ సవరించారు. నీళ్ళ పైపులను వినియోగదారుల ఎర్త్‌గా వాడరాదని 1987 నాటి ప్రమాణంలోనే స్పష్టంగా ఉంది. అంటే పైపుకు తీగ చుట్టడం ఇవాళ కొత్తగా తప్పు కాలేదు. చాలా ఏళ్ళుగా తప్పే. పాత ఇళ్ళలో ఎవరూ విప్పి చూడలేదు, అంతే.

జాతీయ నేర రికార్డుల లెక్కల ప్రకారం దేశంలో ఏటా పది వేల మందికి పైగా విద్యుదాఘాతంతో చనిపోతున్నారు.

ఎర్త్ గొయ్యి తవ్విస్తే చాలా?

చాలదు. ఇది చాలామందికి తెలియని సంగతి. పాత రోజుల్లో మైళ్ళ పొడవున్న ఇనుప గొట్టం ఎర్త్‌గా ఉండేది, నిరోధం చాలా తక్కువ. ఇప్పుడు మనం పాతేది ఒక్క పైపు. మైలాపూరులో సముద్రం వైపు ఇసుక నేల. ఎండాకాలంలో పైనున్న ఇసుక ఎండిపోతే ఎర్త్ నిరోధం పెరుగుతుంది. అది పది ఓంలకు చేరిందనుకుందాం. గీజరు చెడితే భూమిలోకి పారేది 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ 23 ఆంపియర్లకు వెంటనే పడదు. గంటసేపు పడకపోయినా ఆశ్చర్యం లేదు. అంతసేపూ గీజరు రేకు మీద రెండు వందల వోల్టులకు అటూఇటూగా ఉంటుంది.

ఇక్కడే ఆర్‌సీసీబీ కావాలి. మెయిన్ బోర్డులో పెట్టే ఈ పరికరం ఫేజ్‌లో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని ఎప్పుడూ పోల్చి చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, ఎక్కడో కరెంటు దారి తప్పి భూమిలోకి పోతోందని తెలుసుకుని సరఫరా ఆపేస్తుంది. తేడా అంతకు అయిదు రెట్లుంటే సెకనులో ఇరవై అయిదో వంతులోనే ఆపేయాలి. దానికి 23 ఆంపియర్లు అక్కర్లేదు. ఎర్త్ నిరోధం వంద ఓంలున్నా పారే రెండు ఆంపియర్లే దానికి చాలా ఎక్కువ.

"అయితే ఆర్‌సీసీబీ ఒక్కటే పెట్టించుకుంటే పోలేదా? ఎర్త్ ఎందుకు?" అని అడగవచ్చు. ఎర్త్ లేకపోయినా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది. కానీ అప్పుడు కరెంటు దారి తప్పేది మనిషి ముట్టుకున్నాకే. మనిషి ఒక్క దెబ్బ తిన్నాక అది పడుతుంది. స్నానాల గదిలో జారిపడి తల పగలడానికి ఆ ఒక్క దెబ్బ చాలు. ఎర్త్ కూడా ఉంటే గీజరు చెడిన క్షణంలోనే, ఎవరూ ముట్టుకోకముందే పడుతుంది. పైగా ఆర్‌సీసీబీ కూడా ఒక యంత్రమే, ఎప్పుడో ఒకసారి మొరాయించవచ్చు. అందుకే రెండూ ఉండాలి.

ఆర్‌సీసీబీ మీద 'టీ' అని ఒక చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే అది పడిపోవాలి. నెలకొకసారి నొక్కి చూడటం మంచి అలవాటు. అయితే ఆ బటన్ చెప్పేది పరికరం బాగుందని మాత్రమే. ఎర్త్ ఉందో లేదో అది చెప్పదు.

ఈ మూడు ఉపాయాలు వద్దు

ఎర్త్ లేదని తెలిశాక కొందరు పనివాళ్ళు చేసే చిట్కాలు కొన్నున్నాయి. అవి జబ్బుకన్నా చెడ్డవి.

ఒకటి, సాకెట్టు వెనుక ఎర్త్ పిన్నునూ న్యూట్రల్‌నూ ఒక తీగ ముక్కతో కలిపేయడం. చూడటానికి ఎర్త్ వచ్చినట్టే ఉంటుంది. ఎక్కడైనా న్యూట్రల్ తీగ తెగినా, ఫేజూ న్యూట్రలూ తారుమారైనా ఫ్రిజ్ రేకు మీదికి నేరుగా 230 వోల్టులు వస్తాయి. ఏ లోపమూ లేని ఫ్రిజ్ కూడా అప్పుడు షాక్ కొడుతుంది.

రెండోది, మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టరు తగిలించడం, లేదా పై పిన్నును విరిచేయడం. సెల్‌ఫోన్ ఛార్జరు లాంటి వాటికి రెండు పిన్నులు చాలు. వాటి మీద ఒక చదరంలో ఇంకో చదరం గుర్తు ఉంటుంది, లోపల రెండు వరసల తొడుగు ఉందని దాని అర్థం. గీజరు, ఫ్రిజ్, గ్రైండరు, ఇస్త్రీ పెట్టె అలాంటివి కావు.

మూడోది, ఎర్త్ ఉందో లేదో చూడటానికి బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టి ఒకటి ఫేజ్‌లో, ఇంకొకటి ఎర్త్‌లో పెట్టడం. ఎర్త్ తెగి ఉంటే బల్బు వెలగదు, కానీ ఆ క్షణంలో ఇంట్లోని ఎర్త్ తీగలన్నిటికీ, వాటికి కలిసిన ప్రతి ఇనుప వస్తువుకూ బల్బు గుండా కరెంటు వెళుతుంది. అవతలి గదిలో ఎవరైనా గ్రైండరు కడుగుతుంటే? ఈ పరీక్ష ఇంట్లో చేయకండి, చేయనివ్వకండి.

మీ ఇంట్లో చూసుకోవలసినవి

ముందు కళ్ళతో చూడగలిగినవి. మీటరు బోర్డు దగ్గర నుంచి బయటికి వెళ్ళే ఎర్త్ తీగ ఉందా? పాత ఇళ్ళలో అది తొడుగు లేని తీగ, తరువాతి వాటిలో పచ్చ తీగ, కొత్తవాటిలో పచ్చ మీద పసుపు చార. అది ఎక్కడికి వెళుతోంది? పెరట్లో గానీ ఇంటి పక్క సందులో గానీ సిమెంటు మూతతో ఎర్త్ గొయ్యి ఉందా? లేక ఏదైనా నీళ్ళ పైపుకు చుట్టి ఉందా? బోరు కేసింగు పైపుకు కట్టి ఉంటే అది ఇనుమా, ప్లాస్టిక్కా?

ఇల్లు కొన్నాకో, అద్దెకు దిగాకో పైపులు ఎప్పుడు మార్చారో గుర్తు చేసుకోండి. మార్చినప్పుడు ఎలక్ట్రీషియన్ కూడా వచ్చాడా? రాలేదంటే ఎర్త్ చూపించవలసిందే.

తరువాతది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. మల్టీమీటరుతో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ప్రతి సాకెట్టు దగ్గరా వోల్టులు కొలవమనండి. మొదటి రెండూ దాదాపు సమానంగా ఉండాలి, మూడోది కొద్ది వోల్టులు మించకూడదు. అయినా ఇక్కడితో ఆగవద్దు. సన్నగా, తుప్పు పట్టి వేలాడుతున్న ఎర్త్ కూడా మల్టీమీటరుకు సరిగ్గానే కనిపించవచ్చు. మూడో లెక్క సున్నా అయితే సాకెట్టు విప్పి, ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేశారేమో కూడా చూడాలి. ఎర్త్ టెస్టరుతో గొయ్యి నిరోధం ఎన్ని ఓంలో కొలిచి కాగితం మీద రాసి ఇవ్వమనండి. ఇళ్ళకు అయిదు ఓంల లోపు ఉండాలని సాధారణంగా చూస్తారు. కొలవడానికి మంచి కాలం మే నెల. నేల ఎండి ఉన్నప్పుడు బాగుంటే వానల్లో కూడా బాగుంటుంది.

చేయించవలసిన పని

ఎర్త్ గొయ్యి లేకపోతే కొత్తది వేయించాలి. ప్రమాణం ప్రకారం జీఐ పైపు కనీసం రెండున్నర మీటర్ల పొడవు ఉండాలి, గోడ పునాదికి కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో పాతాలి. చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసే పాత పద్ధతి ఉంది. ఉప్పు పైపును తినేస్తుంది కాబట్టి ఇప్పుడు బెంటొనైట్ వంటి పొడులు వేస్తున్నారు. పైన నీళ్ళు పోయడానికి గరాటా, తెరిచి చూడటానికి మూత ఉండాలి. ఎండాకాలంలో వారానికొకసారి రెండు బిందెల నీళ్ళు పోస్తే నేల తడిగా ఉంటుంది. వాన నీటి ఇంకుడు గుంత దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది.

అక్కడి నుంచి మెయిన్ బోర్డుకు, మెయిన్ బోర్డు నుంచి ప్రతి సాకెట్టుకు ఎర్త్ తీగ తెగకుండా వెళ్ళాలి. ముఖ్యంగా గీజరు, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, గ్రైండరు, సంపు మోటారు సాకెట్లు చూపించండి. మోటారు స్విచ్చి తరచు మెట్ల కిందో, తడి తగిలే చోటో ఉంటుంది. ఐప్పసి, కార్తీక మాసాల వానల్లో మొదట మొరాయించేది అదే.

పైపుకు చుట్టిన పాత ఎర్త్ తీగలన్నీ ముందు విప్పించాలి. గోడల్లో ఇనుప పైపు మిగిలి ఉంటే దానినీ కొత్త ఎర్త్‌కు ఒక తీగతో కలిపించాలి. ఇది పైపును ఎర్త్‌గా వాడుకోవడం కాదు, ఆ ఇనుము కరెంటెక్కి వేలాడకుండా చూసుకోవడం. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. పాత వైరింగ్ ఉన్న ఇంట్లో పెట్టిన రోజునుంచే అది మాటిమాటికీ పడుతుంటే దాన్ని తిట్టుకుని తీసేయవద్దు. ఎక్కడో కరెంటు కారుతోందని అది చెబుతోంది. ఆ చోటు వెతికించండి.

ఇకమీదట పైపులు మార్చే పని వస్తే ప్లంబరుకన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇనుప పైపు కోసేటప్పుడు మెయిన్ ఆపి ఉంచండి. పక్క ఇంటి కరెంటు ఆ పైపులో పారుతూ ఉంటే, కోసిన రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకున్న ప్లంబరు మధ్యలో చిక్కుకుంటాడు. అతని ప్రాణం కూడా మన పూచీయే.

ఫ్లాట్లలో, పోర్షన్లలో

ఫ్లాట్లలో ఒక్కరు బాగుచేయించుకుంటే సరిపోదు. నిలువు పైపు అందరిదీ, ఎర్త్ గొయ్యి కూడా అందరిదీ. అసోసియేషన్ సమావేశంలో లిఫ్టు, పెయింటు గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ మాట కూడా ఎత్తండి. ఏ అంతస్తులో ఏ పైపు ఉంది, ఎవరి ఎర్త్ ఎక్కడ కలిసింది అన్నది ఒక కాగితం మీద గీసి మీటరు గదిలో అతికిస్తే తరువాత వచ్చే పనివాడికి కూడా పనికొస్తుంది.

అద్దెకున్నవారు ఇంటివారిని అడగడానికి మొహమాటపడతారు. "మామీ, కుళాయి చురుక్కుమంటోంది, ఒకసారి ఎర్త్ చూపిద్దామా" అని అడగడంలో తప్పేమీ లేదు. ఇంటివారు కూడా అద్దె పెంచే ముందు ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకోవాలి.

కుళాయి గానీ ఏదైనా వస్తువు గానీ చురుక్కుమంటే ఆ క్షణంలో చేయవలసింది ఒక్కటే. మెయిన్ ఆపేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ గదిలో నీళ్ళు వాడకండి. సరఫరా లైనులోనే లోపమని తోస్తే విద్యుత్ సంస్థ వారి 'మిన్నగం' కేంద్రానికి, 94987 94987 నంబరుకు చెప్పండి. ఎవరికైనా షాక్ తగిలి పట్టుకుపోతే ముట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపండి. ఊపిరి లేకపోతే వెంటనే గుండె మీద అదమడం మొదలుపెట్టి, 108కి ఫోన్ చేయించండి. తేరుకుని లేచి కూర్చున్నా ఒకసారి ఆసుపత్రిలో చూపించాలి.

చివరగా ఒక మాట. మన పెద్దవాళ్ళు పైపుకు తీగ చుట్టించుకున్నారంటే అది వాళ్ళ అజ్ఞానం కాదు, ఆనాటి పైపుకు అది సరిపోయింది. పైపు మారింది, కాబట్టి ఎర్త్ కూడా మారాలి. ఈ ఆదివారం ఓ పది నిమిషాలు మీటరు బోర్డు దగ్గర నిలబడి, ఆ పచ్చ తీగ వెంట నడిచి చూడండి. అది ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి పని మొదలుపెట్టండి. ఈసారి ఇంట్లో ఎవరైనా కుళాయి చురుక్కుమందంటే, ముందు మెయిన్ ఆపి, ఆ తరువాత మాట్లాడండి.